నాన్నగారి గొంతు వేలానికొచ్చిన సంగతి

షెఫీల్డ్,
ఆదివారం.

నాన్నగారికి, అమ్మకు,

మీ పద్మ నమస్కారాలు. నేను ఇక్కడ కులాసాగానే ఉన్నాను. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? చెల్లి సుధ రోజూ బందరు నుంచి గుడివాడ కాలేజీ ఉద్యోగానికి వెళ్ళి రావడంలో భోజనం వేళకి తింటోందా, లేక డబ్బా అలాగే తిరిగొస్తోందా? ఫోన్‌లో అడిగితే ముగ్గురూ "బాగున్నాం" అనేస్తారు. అందుకే ఉత్తరంలో మళ్ళీ అడుగుతున్నాను. ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా రాయండి.

ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. సాయంత్రం కాఫీ వేళకే చీకటి పడిపోతుంది. మన బందరు ఉక్కపోతని తిట్టుకున్న రోజులు గుర్తొచ్చి నవ్వొస్తుంది. స్వెట్టర్ మీద కోటు, కోటు మీద మఫ్లరు, ఇన్ని వేసుకుని డ్యూటీకి వెళ్తున్నాను, మీరు కంగారుపడొద్దు. భోజనానికి లోటు లేదు. నాతో ఉండే కేరళ నర్సు జెస్సీ అన్నిట్లోనూ కొబ్బరినూనె పోస్తుంది. మొదట్లో వాసన పడలేదు, ఇప్పుడు అలవాటైంది. ఎవరైనా ఇటువైపు వస్తుంటే కాస్త చింతకాయ పచ్చడి, కందిపొడి పంపించు అమ్మా. ఎవరూ రాకపోతే ఫరవాలేదు, దానికోసం ఎవరినీ బతిమాలొద్దు.

నాన్నగారూ, మొన్న ఫోన్‌లో "ఆ సీడీలు అమ్మే మనిషి ఎలాంటివాడో వివరంగా రాయి, చదివి చెప్తాను" అన్నారు కదా. అప్పుడు కార్డు అయిపోయి లైను తెగిపోయింది. ఈరోజు సెలవు. మొదటి నుంచీ అంతా రాస్తాను. కోపం పక్కన పెట్టి చదవండి.

నేను పనిచేసేది వృద్ధుల ఇల్లు అని మీకు తెలుసు. అక్కడ వాల్టర్ గారని ఒకాయన ఉన్నారు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట కూడా పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, తిరిగి చెప్పడానికి నోరు రాదు. అన్నం తినిపించబోతే ముఖం తిప్పుకునేవారు. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని, వచ్చేపోయే బస్సులు చూసేవారు. ఆయన కూతురు హెలెన్ కొండ ప్రాంతంలో ఎక్కడో దూరంగా ఉంటుంది. వారానికోసారి వస్తుంది. ఎడమ చేత్తోనైనా ఏదో ఒకటి చేస్తారని కంప్యూటరు ఆటల సీడీ ఒకటి తెచ్చి, హాల్లో ఉన్న కంప్యూటర్లో వేసి వెళ్ళింది.

కొన్నాళ్ళకి మా హెడ్ నర్సు కంగారుగా వచ్చింది. వాల్టర్ గారు మాట్లాడుతున్నారట, కానీ ఒకటే మాటట, "కట్ సామ్!" అని. ఇంగ్లీషులో అయితే సామ్ అనేవాణ్ణి కోసెయ్యమని అర్థం వస్తుంది. పాపం ఆవిడ హెలెన్‌కి ఫోన్ చేసి, "మీ కుటుంబంలో సామ్ అని ఎవరైనా ఉన్నారా? ఆయనతో మీ నాన్నకి ఏమైనా గొడవలా?" అని కూడా అడిగింది. సామ్ ఎవరూ లేరు.

నేను ట్రాలీ తోసుకుంటూ హాల్లోకి వెళ్ళేసరికి ఆయన బల్ల మీద ఎడమ చెయ్యి కొట్టి మళ్ళీ అన్నారు. ఆయన అనడానికి క్షణం ముందు కంప్యూటరు కూడా అంది, "కట్టేశాం!" అని. అది మీ గొంతు నాన్నగారూ. బందరులో మన సావిట్లో కూర్చుని, మూడు పులుల్నీ కదలకుండా చేసి, తొడ మీద చరిచి మీరు అనే మాట. ట్రాలీ అక్కడే వదిలేసి పరిగెత్తాను. తెర మీద త్రికోణం, అడ్డగీతలు, పులులు, మేకలు. మన పులి-మేక ఆట. సుధ కంప్యూటర్లో తయారుచేసి, మీ గొంతు పెట్టి, ఇంటర్నెట్‌లో అందరికీ ఊరికే ఇచ్చినది.

నాకు ఏడుపు వచ్చేసింది. ఆ ముసలాయన భయపడి నా చెయ్యి పట్టుకున్నారు. "ఇది మా నాన్న గొంతు, ఈ ఆట మా చెల్లెలు చేసింది" అని చెప్పాను. ఆయన నన్ను చూసి, తెరని చూసి, మళ్ళీ నన్ను చూసి, ఈసారి మెల్లగా, తప్పు లేకుండా అన్నారు, "కట్టేశాం."

ఆరోజు ఆయన సూపంతా తాగారు. మాట నేర్పే డాక్టరమ్మ విని, "ఏ భాషదైతేనేం, నోరు తిరిగింది కదా, దీన్ని పట్టుకునే మిగతావి నేర్పుతాను" అంది.

అంతవరకూ సంతోషమే. సాయంత్రం ఆ సీడీ అట్ట తిప్పి చూస్తే సుధ పేరు ఎక్కడా లేదు. "అరుదైన భారతీయ ఆట" అని మాత్రం ఉంది. హెలెన్‌ని అడిగితే ఇంటర్నెట్ వేలంలో కొన్నానంది. ఈ వేలం మన గిలకలదిండి రేవులో చేపల వేలం లాంటిదే, కాకపోతే కేకలుండవు. అమ్మేవాడు వస్తువు ఫొటో పెడతాడు, కావలసినవాళ్ళు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ధర పెంచుకుంటూ పోతారు, గడువు ముగిసేటప్పటికి ఎవరి పాట పెద్దదైతే వాళ్ళకి పోస్టులో వస్తుంది.

ఆ సంతోషంలో, ఆ కోపంలో నేను మీకు ఫోన్ చేశాను. మీరన్న మాటలు నాకింకా చెవిలో ఉన్నాయి.

"ఊరికే ఇచ్చిన దాన్ని వాడు అమ్ముకుంటున్నాడా? నా గొంతు వేలం వేస్తున్నాడా? సుధా! ఇలారా! నువ్వు చదివిన చదువు ఇదేనా?"

వెనకాల సుధ గొంతు వినిపించింది. "నాన్నా, అమ్ముకోవచ్చని నేనే రాసి పెట్టాను. అది తప్పు కాదు. పేర్లు తీసెయ్యడం తప్పు."

"పేర్లు సంగతి తర్వాత. అమ్ముకోమని రాసిచ్చే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఆ వేలం కంపెనీకి ఫిర్యాదు చెయ్యి, వాడి దుకాణం మూయించు."

ఆ రోజు నుంచి మీరు సుధతో మాట్లాడటం లేదని అమ్మ చెప్పింది. అన్నం వడ్డించమని కూడా అమ్మచేతే చెప్పిస్తున్నారట. నిజం చెప్పాలంటే ఆరోజు నేను మీ వైపే ఉన్నాను. మనది పోయిందనే అనిపించింది.

సుధ ఫిర్యాదు చెయ్యలేదు. అమ్మిన మనిషి ఈమెయిలు సంపాదించి ఆయనకే రాసింది. ఆ రాత నాకూ పంపింది. ఒక్క పరుషమైన మాట లేదు. "మీరు ఈ ఆటని అమ్ముకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ దీన్ని చేసినవాళ్ళ పేర్లు, దీని లోపలి రాత, అంటే ఇంకొకరు చదివి మార్చుకోవడానికి వీలుగా ఉండే సోర్స్ కోడ్, ఆటతో పాటు ఇవ్వాలి. ఇది ఉచితంగా కూడా దొరుకుతుందని కొనేవాళ్ళకి చెప్తే మర్యాదగా ఉంటుంది." అంతే.

జవాబు మర్నాడే వచ్చింది. ఆయన పేరు కీత్, హల్ అనే ఓడరేవు ఊళ్ళో ఉంటాడు. "ఆటతో పాటు మీరు పెట్టిన షరతుల కాగితం నేను చదవలేదు. చదవాల్సింది. ఆటల పేర్లు వరసగా కనబడాలని మిగతా ఫైళ్ళన్నీ తీసేశాను. క్షమించండి" అని రాశాడు. తర్వాత వేలం పేజీ మార్చాడు. నేను జెస్సీ కంప్యూటర్లో చూశాను. ఫొటో కంటే పైన, పెద్ద అక్షరాల్లో, "ఈ ఆట ఉచితం. మీ ఇంటర్నెట్ బాగుంటే ఇదిగో అడ్రసు, అక్కణ్ణుంచి తీసుకోండి. లేకపోతే సీడీ నేను పంపుతాను" అని ఉంది. కింద సుధ పేరు, బందరు, ఇండియా అని ఉంది. మన ఊరి పేరు అక్కడ చూడగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మీరు అడిగారు, ఊరికే దొరుకుతుందని తెలిశాక డబ్బిచ్చి కొనేవాడెవడని. కొంటున్నారు నాన్నగారూ. హెలెన్ వాళ్ళ కొండల్లో ఫోను తీగ మీద ఇంటర్నెట్ నత్తనడకే. ఈ ఆట దింపుకోవాలంటే ఫోను పొద్దస్తమానం కట్టేసి ఉంచాలి, మధ్యలో తెగితే మళ్ళీ మొదటికి. వయసైనవాళ్ళకి దింపుకోవడమే తెలియదు. సుధ దీన్ని నాకు ఒక్క మాటలో చెప్పింది. "మన వీధిలోకి మంచినీళ్ళు కావిడితో తెచ్చేవాళ్ళకి నాన్న డబ్బులిచ్చేవారు కదా అక్కా, నీళ్ళకా, మోసినందుకా?" దీనికి జవాబు మీరే రాయండి.

కీత్ రాసిన దాన్లో, ఎప్పుడైనా హల్ వస్తే మా ఇంటికి రండి అని ఉంది. మనిషిని చూడకుండా మీకేం చెప్పగలను? సెలవు రోజు రైలెక్కాను. స్టేషనుకి ఆయనే వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొడుగు, చేతికి సిరా మరకల్లాంటివి. ముందు ప్రెస్సులో పనిచేసేవాడట, అది మూతపడింది. ఇల్లు చిన్నది. భార్య మౌరీన్ చక్రాల కుర్చీలో ఉంది. నరాల జబ్బు, ఎక్కువసేపు ఒంటరిగా వదలడానికి లేదు. అందుకే బయట ఉద్యోగానికి వెళ్ళకుండా ఇంట్లోనే సీడీలు చేసి అమ్ముతున్నాడు. వంటింటి బల్ల మీదే కంప్యూటరు, కవర్లు, పోస్టు స్టాంపులు. నేను కోటు విప్పేలోపే మౌరీన్, "నువ్వు నర్సువట కదా, ముందు ఇది చెప్పు, ఈయన టీ నాకు మందా, విషమా?" అంది. నవ్వలేక చచ్చాను.

తర్వాత ఆవిడే అడిగింది. "ఆ ఆటలో పెద్దాయన ఏదో అంటాడే, దాని అర్థం ఏమిటి? మేము ఇంట్లో ఏ పని పూర్తయినా అదే అంటున్నాం. కీత్ ఆఖరి కవరు అంటించగానే నేను అంటాను."

చెప్పాను. అది మా నాన్నగారి గొంతు అని కూడా చెప్పాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కీత్ నాకు ఇంకో సంగతి చూపించాడు. సోర్స్ కోడ్ కూడా సీడీలో పెట్టడం మొదలుపెట్టాక, వేల్స్ అనే ప్రాంతం నుంచి ఒక టీచరు దాన్ని కొని, ముసలి కళ్ళకి కనబడేలా పులుల్నీ మేకల్నీ పెద్దవి చేసి, ఆ మార్పుని సుధకే పంపింది. సుధ దాన్ని తన ఆటలో కలుపుకుంది, ఆవిడ పేరు తన పేరు పక్కన చేర్చింది. మా వాల్టర్ గారు ఇప్పుడు ఆడుతున్నది ఆ పెద్ద బొమ్మలదే. ఇవన్నీ సుధ ఇంట్లో చెప్పిందో లేదో. మీరు మాట్లాడటం మానేశారు కనక చెప్పి ఉండదు.

అప్పుడు నేను అసలు విషయం ఎత్తాను. ఎత్తకపోతే నేను వెళ్ళి ప్రయోజనం ఏముంది? "మీ తప్పేం లేదు, మా చెల్లెలు అనుమతి ఇచ్చింది. కానీ మా నాన్నగారికి తన గొంతు అమ్మడం ఇష్టం లేదు. ఇంట్లో ఆయన మా చెల్లెలితో మాట్లాడటం లేదు" అన్నాను.

కీత్ టీ కప్పు పక్కన పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వేలంలో అప్పటికే కొందరు పాట పాడి ఉన్నారు. వాళ్ళకి క్షమించమని రాసి, ఆ పేజీ తీసేశాడు. నేను చూస్తుండగానే.

"ఇదేమిటి, మీకు అనుమతి ఉంది కదా?" అన్నాను.

"ఉంది. ఆయనకి ఇష్టం లేదని కూడా ఇప్పుడు తెలిసింది కదా. మీ చెల్లెలు ఆట రాసింది, అది ఆమె ఇష్టం. గొంతు మాత్రం మీ నాన్నది" అన్నాడు.

"మరి మీకు నష్టం కదా?"

మౌరీన్ అందుకుంది. "ఆయన దగ్గర ఇంకా చదరంగం ఉంది, పేకాట ఉంది. అవి కూడా ఎవరో పుణ్యాత్ములు ఊరికే ఇచ్చినవే. మీ నాన్నని మీ చెల్లెలితో మాట్లాడమను."

తిరుగు రైల్లో దారంతా ఆలోచించాను. మనం దుకాణం మూయించమన్న మనిషి ఇతనే. ఫిర్యాదు చేసి ఉంటే ఆ వంటింటి బల్ల ఖాళీ అయ్యేది. సుధ చేయలేదు. ఇరవై ఏడేళ్ళ పిల్ల నాన్నగారూ, మీ కోపం ఎదురుగా నిలబడి, నా కోపం ఫోన్‌లో విని, తొందరపడలేదు. కాలేజీ నుంచి రైల్లో నిలబడి వచ్చి, కోనేరు సెంటర్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, మొహం తెలియని మనిషికి అంత మర్యాదగా రాసింది. ఎందుకు ఊరికే ఇవ్వడం అని ఒకసారి నేనే అడిగితే ఏమందో తెలుసా? "నేను నేర్చుకున్నదంతా ఎవరెవరో ఊరికే పెట్టిన రాతలు చదివే అక్కా. వాళ్ళకి తిరిగి ఇవ్వడానికి వాళ్ళెవరో తెలియదు. తర్వాత వచ్చేవాళ్ళకి ఇస్తున్నాను." మన ఇంట్లో ఇంత పెద్ద మాట అనగలిగిన మనిషి ఉందని నాకు ఇక్కడికొచ్చాక తెలిసింది.

మీరు వద్దంటే మీ గొంతు తీసేసి గంట శబ్దం పెడతానంటోంది. దాని గురించి ఒక్క ముక్క కూడా నొచ్చుకుని అనలేదు. నేనూ బలవంతం చెయ్యను. ఆ మనిషి ఎలాంటివాడో రాయమన్నారు, రాశాను. మంచివాడు. మీరు కలిస్తే ఇద్దరూ సాయంత్రం దాకా పులి-మేక ఆడతారు.

డ్యూటీ బట్టలు ఉతుక్కోవాలి. మిగతాది రేపు రాసి పోస్టు చేస్తాను.

గురువారం.

రేపు అన్నది గురువారం దాకా వచ్చింది, ఒక నర్సుకి జ్వరం రావడంతో రెండు డ్యూటీలు చేశాను. ఇప్పుడే సుధ ఫోన్ పెట్టేసింది. ఉత్తరం మీకు చేరకముందే అంతా అయిపోయిందట! ఇదంతా చింపేద్దామా అనుకున్నాను, కానీ కీత్, మౌరీన్‌ల సంగతి మీరు చదవాలని ఉంచుతున్నాను.

సుధ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, తేడా ఉంటే మీరు దిద్దండి. వేలం ఆపేసిన సంగతి కీత్ సుధకి ఈమెయిలులో రాస్తే, అది అమ్మ మీ చెవిన వేసిందట. మంగళవారం పొద్దున మీరు కాఫీ తాగి, ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి దాని వైపు తిరిగి, "ఆ మైకు ఇంకా ఉందా నీ దగ్గర?" అన్నారట.

"ఉంది. ఎందుకు నాన్నా?"

"అప్పుడు నాకు జలుబు. గొంతు బొంగురుగా వచ్చింది. అన్ని దేశాలవాళ్ళు వింటున్నారంటే కాస్త సరిగ్గా చెప్పొద్దూ?"

అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిందట. మీరు చొక్కా మార్చుకుని కూర్చున్నారట, ఫొటో తీస్తారన్నట్టు! "కట్టేశాం" అని మళ్ళీ మళ్ళీ చెప్పి, మీకు నచ్చేదాకా వదల్లేదట. ఆ తర్వాత, "గెలిచింది మేకలైతేనే మాట్లాడుతుందా నీ ఆట? పులి ఆడేవాడు ఏం పాపం చేశాడు?" అని దెబ్బలాడి, "మింగేశాం!" అని కూడా చెప్పారట. అది విని పక్కింటివాళ్ళు ఏమైందోనని గోడ మీంచి తొంగిచూశారని చెప్తూ సుధ నవ్వు ఆపుకోలేకపోయింది. అది అలా నవ్వి ఎన్నాళ్ళయిందో నాన్నగారూ.

"ఆ ఇంగ్లండాయనకి రాయి. అమ్ముకోమను. అడగ్గానే ఆపేసిన మనిషికి అడ్డం ఏముంటుంది?" అన్నారట. సుధ పేర్ల ఫైలు తెరిచి, "గొంతు అని రాసి మీ పేరు పెడుతున్నాను, ఇంటిపేరుతో సహా పెట్టమంటారా?" అని అడిగితే మీరు చెయ్యెత్తి ఆపారట.

"నా పేరు తర్వాత. ముందు మోపిదేవి పెద్ద మావయ్య పేరు రాయి. సెలవులకి వెళ్తే వాకిట్లో బొగ్గుతో గీసి నాకీ ఆట నేర్పింది ఆయన. పోయి ఇన్నేళ్ళయింది, ఆయన పేరు ఎక్కడా లేదు."

సుధ ఇది చెప్తున్నప్పుడు నేను ఫోన్ బూత్‌లో ఉన్నాను. బయట నిలబడ్డ ఆవిడ నేను ఏడుస్తున్నానని తలుపు తట్టి, బాగున్నావా అని అడిగింది. బాగున్నాననే చెప్పాను, అది నిజమే. రేపు కీత్‌కి ఫోన్ చేసి ఆ మోపిదేవి పెద్దాయన పేరు ఎలా పలకాలో నేర్పుతాను. సరిగ్గా పలికేదాకా మౌరీన్ ఒక పట్టాన వదలదు.

ఇక ఉంటాను. అమ్మా, నువ్వు ఉప్పు తగ్గించు. చెల్లి సుధకి నా ముద్దులు. మోపిదేవిలోనూ గూడూరులోనూ మనవాళ్ళలో పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పండి. మీ ఇద్దరి దీవెన ఉంటే నాకు ఈ చలి ఒక లెక్కలోది కాదు.

మీ పెద్దమ్మాయి,
పద్మ